స్కానర్ మనకు, తుపాకీ వాళ్ళకు

బెల్టు, ఫోను, తాళాలు, చిల్లర, చలికోటు అన్నీ ట్రేలో పెట్టాలి. బ్యాగు ఎక్స్‌రేలోకి, మనిషి మెటల్ డిటెక్టర్‌లోకి. అమెరికాలో ఇండియానా రాష్ట్ర రాజధాని ఇండియానాపోలిస్‌లో శాసనసభ ఉండే భవనం, ఇండియానా స్టేట్‌హౌస్ చూడటానికి టికెట్టు లేదు, టూర్ ఉచితం. కాకపోతే ఫిబ్రవరిలో వెళితే మూడు నాలుగు పొరలు విప్పి మళ్ళీ తొడుక్కునే ఓపిక ఉండాలి. నెయిల్ కట్టర్, చిన్న చాకు లాంటివి హోటల్లోనే వదిలేసి వెళ్ళడం మేలు. తుపాకీ సంగతి చెప్పక్కర్లేదు, మామూలు జనం లోపలికి తేకూడదు.

శాసనసభ్యులు తేవచ్చు. చట్టమే ఒప్పుకుంటుంది. 2024లో ఇంకో చట్టం చేసి, రాష్ట్ర అటార్నీ జనరల్ లాంటి మరికొందరు పదవుల్లో ఉన్నవాళ్ళకూ కొంత సిబ్బందికీ ఆ వెసులుబాటు ఇచ్చారు. వాషింగ్టన్ స్ట్రీట్ మీద నడిచి అంతదూరం వెళ్ళింది గోపురం కోసం కాదు, ఈ సంగతి కోసమే. 2024 జనవరి 30న జిమ్ లూకస్ అనే రిపబ్లికన్ సభ్యుడు, తుపాకుల మీద కట్టడి కావాలని అడగడానికి వచ్చిన హైస్కూల్ పిల్లలతో మాట్లాడుతూ కోటు అంచు తెరిచి నడుముకున్న పిస్టల్ చూపించింది ఈ భవనంలోనే.

ముందు దారి ఖర్చు. విమానాశ్రయం నుంచి ఊళ్ళోకి ఇండీగో 8వ నంబరు బస్సుకు నేను వెళ్ళినప్పుడు 1.75 డాలర్లు (మన విమానాల ఇండిగో కాదు, ఇది సిటీ బస్సు). అదే దూరానికి క్యాబ్ యాప్ 38 డాలర్లు చూపించింది. బస్సు ముప్పావుగంట పైనే తీసుకుంటుంది, చలిలో స్టాపు దగ్గర నిలబడాలి, అయినా ఆ తేడాకి నిలబడొచ్చు. కార్సన్ ట్రాన్సిట్ సెంటర్‌లో దిగి పడమటికి పది నిమిషాలు నడిస్తే స్టేట్‌హౌస్. కారులో వెళితే పార్కింగుకే ఒక పూట భోజనం డబ్బులు పోతాయి.

భవనం బాగుంది, అందులో అనుమానం లేదు. 1878లో మొదలై 1888లో పూర్తయింది. ఇండియానాలోనే తవ్విన సున్నపురాయి, అదే రాయి ఎంపైర్ స్టేట్ బిల్డింగ్‌కీ వెళ్ళింది. రెండు మిలియన్ డాలర్లు కేటాయిస్తే పని అయ్యాక ఇంకా కొంత డబ్బు మిగిలిందని గైడ్లు గర్వంగా చెబుతారు. మన రాజధాని లెక్కలకు అలవాటుపడ్డ చెవులకు ఆ వాక్యం రెండోసారి వినాలనిపిస్తుంది. గవర్నరు, రెండు సభలు, సుప్రీంకోర్టు అన్నీ ఒకే కప్పు కింద. మధ్యలో రంగుటద్దాల గోపురం, చుట్టూ ఎనిమిది పాలరాతి విగ్రహాలు. వాటిలో ఒకటి న్యాయం, ఒకటి స్వేచ్ఛ. ఫోటోలు తీసుకోవడానికి అరగంట చాలు.

అసలు చూడాల్సినవి వరండాలు, లిఫ్టులు. సభ జరిగే రోజున జనమంతా అక్కడే ఉంటారు. లాబీయిస్టులు, విలేకరులు, స్కూలు పిల్లలు, సభ్యులు అందరూ ఒకే మెట్లు, ఒకే లిఫ్టులు వాడాలి. హైదరాబాద్‌లో అసెంబ్లీ జరుగుతుంటే బారికేడ్ల అవతల నిలబడటం తెలిసిన మనకు, పదో తరగతి పిల్ల సభ్యుణ్ణి లిఫ్టు దగ్గర ఆపి మీ ఓటు ఎటు అని అడగడం వింతే. ఇది నాకు నచ్చింది. ఆ రోజు గొడవా ఇలాంటి చోటే పుట్టింది మరి.

పిల్లలు మన్సీ ఊరి నుంచి వచ్చారు. అది ఈశాన్యంగా అరవై మైళ్ళు, ఐ-69 మీద గంట పైన ప్రయాణం. బాల్ స్టేట్ యూనివర్సిటీకి చెందిన బరిస్ లాబొరేటరీ స్కూల్ విద్యార్థులు, తుపాకుల మీద కట్టడి కోరే విద్యార్థుల సంస్థ స్టూడెంట్స్ డిమాండ్ యాక్షన్ తరఫున వచ్చారు. లూకస్‌ది సేమోర్, అది దక్షిణంగా ఐ-65 మీద ఇంచుమించు అంతే దూరం. లిఫ్టు దగ్గర మాట కలిసింది, వరండాలోకి సాగింది. స్కూళ్ళలో భయం గురించి వాళ్ళు, ఆత్మరక్షణ హక్కు గురించి ఆయన. మాటల మధ్యలో, ఇప్పుడు కూడా నా దగ్గర ఉంది అని కోటు పక్కకు తీశారు. పిస్టల్ ఒరలోంచి బయటికి రాలేదు, ఎవరివైపూ గురిపెట్టలేదు. ఎవరో తీసిన వీడియో సాయంత్రానికల్లా దేశమంతా తిరిగింది.

చట్టప్రకారం తప్పేమీ లేదు, నిజమే. నడుము ఒరలో పిస్టల్ పెట్టుకునేవాళ్ళు సూట్ కోటు వేసుకునేదే అది బయటికి కనబడకుండా ఉండటానికి. అలవాటున్నవాళ్ళు కూర్చున్నప్పుడు, వంగినప్పుడు కూడా కోటు జారకుండా చూసుకుంటారు. కనబడకుండా పెట్టుకోవడమే పద్ధతి అయినప్పుడు, పదహారు పదిహేడేళ్ళ పిల్లల ముందు కావాలని కోటు తియ్యడం ఏ పద్ధతి? తుపాకీ అంటే భయంగా ఉందని చెప్పడానికి అంతదూరం వచ్చినవాళ్ళకు తుపాకీనే చూపించడం జవాబు కాదు, మాట ముగించడం.

ఆయన కొత్తగా వచ్చిన సభ్యుడు కూడా కాదు, తుపాకీ హక్కుల బిల్లులకు ఏళ్ళుగా ముందుండే మనిషి. ఇష్టమున్న టీచర్లకు ప్రభుత్వ ఖర్చుతో 40 గంటల తుపాకీ శిక్షణ ఇచ్చే 2023 నాటి చట్టం ఆయన తెచ్చిన బిల్లే. అంతకుముందు 2022 జులై 1 నుంచి ఇండియానాలో 18 ఏళ్ళు నిండి, నేరచరిత్ర లాంటి అడ్డంకులు లేనివాళ్ళు పర్మిట్ లేకుండానే పిస్టల్ పెట్టుకు తిరగొచ్చు. ఆ బిల్లును అప్పటి రాష్ట్ర పోలీసు సూపరింటెండెంట్ (అక్కడ ఆ శాఖ అధిపతి) డగ్ కార్టర్ బాహాటంగా వ్యతిరేకించినా నెగ్గింది. పర్మిట్లు ఇప్పటికీ ఇస్తారు, వేరే రాష్ట్రాలకు వెళ్ళేవాళ్ళకు పనికొస్తుందని. అలాగని ఇండియానా పర్మిట్ జేబులో ఉంది కదా అని షికాగో వీధుల్లో తుపాకీ పెట్టుకు తిరిగితే కుదరదు. షికాగో ఉన్న ఇల్లినాయ్‌లో దాన్ని ఒప్పుకోరు. అక్కడివాళ్ళకు ఇంట్లో ఉంచుకోవడానికే ఎఫ్‌ఓఐడీ కార్డు (తుపాకీ ఉన్నవాళ్ళకు రాష్ట్రం ఇచ్చే గుర్తింపు కార్డు) ఉండాలి. మూడు గంటల డ్రైవింగ్‌లో రెండు లోకాలు, మధ్యలో మొక్కజొన్న చేలు, గాలిమరలు.

పిల్లల వైపు చిక్కు వేరే ఉంది, వీడియో చూసినవాళ్ళకు అది తెలియదు. ఇండియానా శాసనసభ ఏడాదంతా నడవదు. బేసి సంవత్సరం ఏప్రిల్ 29 లోపు, సరి సంవత్సరం మార్చి 14 లోపు ముగించాలి. 2024 చిన్న సమావేశం. బిల్లు పుట్టిన సభలో కమిటీ గడువు జనవరి ఆఖరుకే దాదాపు అయిపోతుంది, అప్పటికి కమిటీలో విచారణకు రాని బిల్లు చచ్చినట్టే. ప్రతినిధుల సభలో వందకు 70, సెనేట్‌లో యాభైకి 40 రిపబ్లికన్లవే. ఏ బిల్లు విచారణకు రావాలో కమిటీ ఛైర్మన్ ఇష్టం. కాబట్టి జనవరి 30న వచ్చిన పిల్లలు ఎంత బాగా మాట్లాడినా ఆ ఏడాది తుపాకీ కట్టడి బిల్లు కదిలేది కాదు. పని జరగాలంటే సమావేశాలు మొదలవకముందే, నవంబర్, డిసెంబర్‌లలో, తమ జిల్లా సభ్యుణ్ణి ఊళ్ళోనే కలవాలి. రాజధానికి వచ్చేముందు సభ్యుడి సహాయకులకు రాసి సమయం తీసుకోవాలి. కమిటీలో మాట్లాడాలంటే పేరు రాయించుకోవాలి, దొరికేది రెండు మూడు నిమిషాలు. ఎవరి నియోజకవర్గంవాళ్ళు వాళ్ళ సభ్యుణ్ణి అడిగితేనే విలువ. వేరే జిల్లా పిల్లలు లూకస్‌తో ఎంత వాదించినా ఆయనకు పోయే ఓటు ఒక్కటీ లేదు, ఆ సంగతి ఆయనకూ తెలుసు.

లూకస్ పక్షం వాదన కొట్టిపారేసేది కాదు. ఊరికి దక్షిణాన గ్రీన్‌వుడ్ పార్క్ మాల్ ఉంది. 2022 జులై 17న అక్కడి ఫుడ్ కోర్టులో ఒకడు రైఫిల్‌తో ముగ్గురిని చంపాడు. 22 ఏళ్ళ కుర్రాడొకడు తన పిస్టల్‌తో దూరం నుంచే కాల్చి వాణ్ణి ఆపేశాడు. పర్మిట్ లేకుండా మోయొచ్చన్న చట్టం అమల్లోకి వచ్చి అప్పటికి పదహారు రోజులు. ఆ మాల్ నిబంధనల ప్రకారం ఆ పిస్టల్ లోపలికి రాకూడదు. ఇక్కడ తుపాకీ హక్కుల గురించి ఎవరితో మాట్లాడినా మూడో వాక్యం ఇదే.

నాలుగో వాక్యంగా నేను ఫెడెక్స్ అంటాను. 2021 ఏప్రిల్ 15 రాత్రి, విమానాశ్రయం దగ్గర్లోని ఫెడెక్స్ గిడ్డంగిలో ఎనిమిది మందిని చంపారు, వాళ్ళలో నలుగురు సిక్కులు. చంపినవాడు అక్కడ పనిచేసి మానేసినవాడే. అంతకు ఏడాది ముందు, వాడు ఆత్మహత్య చేసుకుంటాడేమోనని తల్లి పోలీసులను పిలిస్తే వాళ్ళొచ్చి షాట్‌గన్ తీసుకెళ్ళారు. ఇండియానాలో 2005 నుంచే దీనికి చట్టం ఉంది. 2004లో చనిపోయిన పోలీసు అధికారి జేక్ లేర్డ్ పేరు మీద చేశారు. ఆయన్ను చంపినవాడి తుపాకులూ పోలీసులు ఒకసారి తీసుకుని తిరిగిచ్చినవే. ఈ చట్టంలో రెండు మెట్లున్నాయి. తుపాకీ తీసుకోవడం ఒకటి, ఆ మనిషి ప్రమాదకరమని కోర్టు చేత చెప్పించడం రెండోది. రెండోది జరిగితేనే కొత్తవి కొనకుండా అడ్డు పడుతుంది. ఈ కేసులో ప్రాసిక్యూటర్లు కోర్టుకు వెళ్ళలేదు. గడువు రోజులు చాలవు, తుపాకీ ఎలాగూ పోలీసుల దగ్గరే ఉంది కదా అనుకున్నారు. కొన్ని నెలలకు వాడు రెండు రైఫిళ్ళు దుకాణంలో చట్టబద్ధంగానే కొన్నాడు. మన్సీ పిల్లలు గానీ ఇంకెవరైనా గానీ అడగాల్సింది ఈ రెండో మెట్టు గురించే అని నాకనిపిస్తుంది. తుపాకులన్నీ తీసేయమంటే ఇక్కడ ఎవరూ వినరు. ఉన్న చట్టాన్ని సగంలో ఆపకండి అంటే వినేవాళ్ళు ఆ డెబ్భై మందిలోనూ ఉంటారు.

మన దగ్గర ఎమ్మెల్యే తుపాకీ మోయడు, గన్‌మెన్ మోస్తాడు. ఒకరా ఇద్దరా, టూ ప్లస్ టూనా ఫోర్ ప్లస్ ఫోరా అన్నదాన్ని బట్టి నాయకుడి స్థాయి లెక్కగట్టేస్తాం. సభ దగ్గరికి వచ్చేసరికి ఆ గన్‌మెన్ బయటే ఆగిపోతాడు. మామూలు మనిషికి లైసెన్సు కావాలంటే ప్రాణభయం ఏమిటో కాగితం మీద రుజువు చేసుకోవాలి, పోలీసు విచారణ గడవాలి. ఎన్నికలొస్తే ఆ తుపాకీ కూడా స్టేషన్‌లో అప్పగించాలి. ఇండియానాలో ప్రాణభయం ఉందని ఎవరికీ చెప్పుకోనక్కర్లేదు. లూకస్ చూపించినదాంట్లో హోదా ఏమీ లేదు, ఆ ఊరి కిరాణా కొట్టు ముందు పార్కింగ్‌లో ఎవరి నడుముకైనా ఉండగలిగేదే. మనవాళ్ళకు వింతగా తోచేది అక్కడే.

సాయంత్రం మా మేనల్లుడు వచ్చి కలిశాడు. ఊళ్ళోనే ఎమ్మెస్ చదువుతున్నాడు. సంగతంతా విని, "మామయ్యా, శనివారం ఫ్రెండ్స్‌తో షూటింగ్ రేంజ్‌కి వెళ్తున్నాం, నువ్వూ వస్తావా, గన్ వాళ్ళే ఇస్తారు" అన్నాడు. ఎఫ్-1 విద్యార్థి వీసా మీద ఉన్న పిల్లవాడు!

"ఒరేయ్, అది నువ్వు ముట్టుకోకూడదురా" అన్నాను.

విద్యార్థి వీసా, హెచ్-1బీ, టూరిస్టు వీసా, ఏదైనా నాన్ ఇమ్మిగ్రెంట్ వీసా మీద వచ్చినవాళ్ళు తుపాకీ గానీ తూటా గానీ కలిగి ఉండకూడదని ఫెడరల్ చట్టం. రేంజ్‌లో అద్దెకిచ్చినది చేత్తో పట్టుకున్నా అదే లెక్క. అమెరికాలో ఏదో ఒక రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు ఉంటే మినహాయింపు ఉంది, ఇంకా ఒకటి రెండు అరుదైనవి ఉన్నాయి. ఏదీ లేకుండా దొరికితే పదిహేనేళ్ళ దాకా శిక్ష పడొచ్చు, వీసా పోవడానికి మాత్రం అంతదాకా కూడా అక్కర్లేదు. గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళకు ఈ నిషేధం లేదు. ఇండియానాలో పర్మిట్ అక్కర్లేదు కదా అని వాదించాడు. రాష్ట్రం వద్దన్నది పర్మిట్ మాత్రమే, ఫెడరల్ నిషేధం ఎక్కడికీ పోలేదు. రేంజ్‌వాళ్ళు సంతకం పెట్టించుకునే కాగితంలో ఈ ప్రశ్న ఉంటుంది, పిల్లలు చదవకుండా గడులన్నీ నింపేస్తారు.

ఫోన్ తీసి చట్టం చదివాడు, మళ్ళీ చదివాడు, బుకింగ్ రద్దు చేశాడు. ముందే కట్టిన 25 డాలర్లు తిరిగి రావట.