పల్లినూనె పరీక్ష: 56 రీడింగ్ వస్తే సరిపోదు

పల్లినూనెలో పత్తిగింజల నూనె కలిసిందేమో చూడాలంటే ముందు బ్యూటైరో రిఫ్రాక్టోమీటర్‌లో (నూనెలో కాంతి ఎంత వంగుతుందో స్కేలుపై చూపే పరికరం) రీడింగ్ చూడాలి, 40 డిగ్రీల దగ్గర. మే నెల వరంగల్ గదిలో చల్లబరిచే వీలు లేక హీటర్ ఒక్కటే ఉన్న వాటర్ బాత్ (పరికరానికి వేడినీరు అందించే తొట్టి) 42 దాటినా దాటుతుంది; 40కి మించి పెరిగిన ప్రతి డిగ్రీకి రీడింగ్‌కు 0.58 కలపండి. నూనెలో తడి ఉంటే రీడింగ్ చూపే గీత మసకబారుతుంది, ముందే వడగట్టాలి.

రీడింగ్ పల్లినూనెకు 54–57.1, పత్తినూనెకు 55.6–60.2 ఉంటుంది. రెండూ కలుస్తున్నాయి కదా, అందుకే 56 చూసి సంబరపడొద్దు. రంగును బట్టి పత్తినూనెను పట్టే హాల్ఫెన్ పరీక్ష చేయాల్సిందే. 1 శాతం గంధకం కరిగించిన కార్బన్ డైసల్ఫైడ్‌కు సమానంగా అమైల్ ఆల్కహాల్ కలిపి, అందులో 5 మి.లీ. తీసుకుని అంతే నూనెలో పోయాలి. 70–80 డిగ్రీల నీటిలో నురగ ఆగేదాకా ఉంచి (దగ్గర్లో మంట అసలే వద్దు), తర్వాత 110–115 డిగ్రీల ఆయిల్ బాత్‌లో (వేడి నూనె తొట్టి) రెండున్నర గంటలు ఉంచాలి. ఎరుపెక్కితే పత్తినూనె ఉన్నట్టే. కానీ 250 డిగ్రీలకు కాచిన పత్తినూనె కలిపితే రంగు రాదు.