గర్భసంచి తీయించుకునే ముందు అడగవలసిన పరీక్ష

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల ప్రకారం గర్భసంచి తొలగింపు శస్త్రచికిత్సలు దేశంలో ఎక్కువగా జరుగుతున్నది ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోనే. తెల్లబట్ట అవుతోందనో, నడుము లాగుతోందనో ఆసుపత్రికి వెళ్లిన మనిషికి "ఇలాగే వదిలేస్తే క్యాన్సర్ అవుతుంది" అన్న ఒక్క మాట చాలు. పిల్లలు పుట్టేశారు, ఇక దానితో పనేముందని ఇంటిల్లిపాదీ సరేనంటారు. ఇదే సర్వే ఐదో విడతలో, 30–49 ఏళ్ల భారతీయ మహిళల్లో గర్భాశయ ముఖద్వార (గర్భసంచి కింది మూతి) క్యాన్సర్ పరీక్ష ఎప్పుడైనా చేయించుకున్నవారు 1.9 శాతమని తేలింది. భయపడి అవయవాన్నే వదులుకునే మనం, ఆ భయంలో నిజమెంతో తేల్చే పరీక్షకు మాత్రం వెళ్లడం లేదు.

ఈ క్యాన్సర్‌కు దాదాపు ప్రతిసారీ మూలం హెచ్‌పీవీ అనే వైరస్. దాంపత్య జీవితంలో ఉన్న ఎవరికైనా ఇది సోకవచ్చు కనుక దీన్ని శీలంతో ముడిపెట్టడం అన్యాయం. చాలామందిలో ఒకటి రెండేళ్లలో దానంతటదే పోతుంది. పోకుండా నిలిచిపోయినప్పుడే ప్రమాదం. ముఖ్యంగా ఈ వైరస్‌లోని 16, 18 రకాలు సుమారు 70 శాతం కేసులకు కారణం. పొగతాగే అలవాటు, హెచ్‌ఐవీ వంటి వాటివల్ల తగ్గిన రోగనిరోధక శక్తి ఆ ముప్పును పెంచుతాయి. మామూలు ఆరోగ్యం ఉన్నవారిలో కణాల మార్పు క్యాన్సర్‌గా ముదరడానికి సాధారణంగా 15 నుంచి 20 ఏళ్లు పడుతుంది. అన్నాళ్లూ నొప్పి ఉండదు, రక్తస్రావం ఉండదు. అందుకే ఏ బాధా లేనప్పుడే పరీక్షకు వెళ్లాలి.

ప్రభుత్వ ఆసుపత్రుల్లో చేసే వీఐఏ పరీక్షలో, గర్భాశయ ముఖద్వారానికి పలుచని ఎసిటిక్ ఆమ్లం, అంటే మన వెనిగర్‌లో ఉండేదే, దూదితో అద్ది ఒక నిమిషం ఆగి చూస్తారు. మార్పు చెందిన కణాలున్న చోట తెల్లని మచ్చ తేలుతుంది. ముట్లుడిగినవారిలో ఈ మార్పులు వచ్చే భాగం లోపలికి జరిగిపోతుంది కాబట్టి వారికి ఇది అంతగా పనికిరాదు. హెచ్‌పీవీ పరీక్ష, అంటే ఆ వైరస్ ఉందో లేదో చూసేది, ఇంతకన్నా నమ్మదగినది. ముప్పై ఏళ్ల నుంచి అయిదు నుంచి పదేళ్లకు ఒకసారి చేయించుకుంటే చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. నమూనాను మనమే తీసి ఇచ్చే వీలు కూడా ఉంది. సిగ్గుతో వెనకాడేవారికి ఇది నిజంగా పెద్ద ఊరట. మహారాష్ట్రలోని ఉస్మానాబాద్ జిల్లాలో జరిగి 2009లో వెలువడిన అధ్యయనంలో, ఒక్కసారి హెచ్‌పీవీ పరీక్ష చేసిన మహిళల్లో ఈ క్యాన్సర్ మరణాలు దాదాపు సగానికి తగ్గాయి.

తొలి దశ మార్పులు బయటపడినా చాలావరకు ఆ భాగాన్ని వేడితోనో చలితోనో మాడ్చి నయం చేస్తారు, గర్భసంచి అలాగే ఉంటుంది. ఆపరేషన్ ఇప్పటికే అయిపోయినవారు డిశ్చార్జి కాగితంలో ముఖద్వారాన్ని కూడా తీశారా, వదిలేశారా అన్నది డాక్టరు చేత చదివించుకోవాలి. వదిలేసి ఉంటే పరీక్షలు వారికీ తప్పవు.