చేతికి వచ్చిన పని నోటికి రావాలంటే

గుంటూరులో మా నర్సింగ్ కళాశాల నడుపుతున్న స్కిల్ ల్యాబ్‌లో, కొత్తగా ట్యూటర్‌గా చేరిన అమ్మాయి బొమ్మచేతికి ఐవీ కాన్యులా (సూది సాయంతో రక్తనాళంలోకి ఎక్కించే సన్నని ప్లాస్టిక్ గొట్టం) పెట్టి చూపిస్తుంటే నేను వెనుక వరసలో కూర్చున్నాను. ఐసీయూలో ఆరేళ్లు పనిచేసిన చెయ్యి కాబట్టి నిమిషంలోపే పని ముగిసింది. "అర్థమైందా?" అని అడిగితే అందరూ ఒకే గొంతుతో "అయింది మేడమ్" అన్నారు. ఆ మాటను నేను ఇరవై ఏళ్లుగా వింటున్నాను, ఒక్కరోజూ నమ్మలేదు. వెంటనే ముందుకొచ్చిన విద్యార్థిని, సూది నాళంలోకి దిగిందని తెలిపే రక్తం కనిపించిన తరువాత కూడా సూదిని అదే వాలులో నెట్టుకుంటూ పోయి నాళం అవతలి గోడను పొడిచేసింది.

సాయంత్రం స్టాఫ్ రూములో ట్యూటర్‌ను, "రక్తం కనిపించగానే నీ చెయ్యి ఏం చేస్తుందమ్మా?" అని అడిగాను. ఆమె సమాధానం చెప్పలేక, బల్లమీది పెన్ను తీసుకుని గాలిలోనే చేసి చూసుకుని, "కిందికి వాలుస్తాను మేడమ్, ఎందుకో ఎప్పుడూ ఆలోచించలేదు" అంది. సూది మొన కన్నా ప్లాస్టిక్ గొట్టం అంచు కాస్త వెనుక ఉంటుంది. కనుక వాలు తగ్గించి, ఇంకొంచెం లోపలికి జరిపి, ఆ తరువాత సూదిని కదలనివ్వకుండా గొట్టాన్ని మాత్రమే ముందుకు పంపాలి. ఆమెకు ఇదంతా తెలుసు, చెప్పవలసిన అవసరమే ఇంతవరకు రాలేదు. నర్సు ఆరంభ దశ నుంచి నిపుణురాలి దాకా 5 దశలు దాటుతుందనీ, చివరి దశలో నియమాలను తలచుకోకుండానే పని చేస్తుందనీ అమెరికా నర్సింగ్ పండితురాలు పెట్రీషియా బెన్నర్ 1984లో రాశారు. వార్డులో వరమైన ఆ గుణమే తరగతిలో అడ్డు తగులుతుంది.

మా కళాశాల ఆమెకు మొదటిరోజే టైమ్ టేబుల్ చేతిలో పెట్టింది కానీ, చేతికి వచ్చిన పనిని ఎలా నేర్పాలో ఎవరూ చెప్పలేదు. అందుకే నైపుణ్యాలు నేర్పడానికి పేటన్ అనే సర్జన్ చెప్పిన 4 మెట్ల పద్ధతిని కలిసి సాధన చేశాము: మొదట మాట్లాడకుండా మామూలు వేగంతో చేయడం, తరువాత ఒక్కొక్క అడుగూ వివరిస్తూ చేయడం, మూడోసారి విద్యార్థిని చెబుతుంటే ట్యూటర్ చేయడం, చివరికి విద్యార్థిని తానే చెబుతూ చేయడం.

వార్డులో ఇంకా కష్టం. అక్కడ రోగి నొప్పికీ, విద్యార్థిని తడబాటుకూ రెండింటికీ ట్యూటరే జవాబుదారీ. మొదటి వారం, విద్యార్థిని చేతిలోని టోర్నికేట్‌ను (నాళం ఉబ్బేలా చేతికి బిగించే పట్టీని) ఆమె లాగేసుకుంది. ఆ పిల్ల మళ్లీ రెండు రోజులు పడక దగ్గరికి రాలేదు. అప్పటినుంచి, రోగి అనుమతి తీసుకుని, విద్యార్థినికి ఒక్క ప్రయత్నమే అని ముందే మాట్లాడుకుని మొదలుపెడుతున్నాము. ఆ ఒక్క ప్రయత్నం జరిగేంతసేపు ఆమె చేతులు వెనక్కి కట్టుకుని నిలబడుతుంది.

పోయిన వారం మళ్లీ ల్యాబ్‌లో మూడో మెట్టు జరిగింది. చెబుతున్న అమ్మాయి వాలు తగ్గించే మాట మరిచిపోయి ఆగిపోతే, ట్యూటర్ కూడా సూదిని అలాగే పట్టుకుని ఆగిపోయింది. కాసేపటికి వెనుకనుంచి ఎవరో ఓపిక పట్టలేక, "మేడమ్, కిందికి వాల్చండి!" అని అరిచారు.