అరసవల్లిలో రెండు తెల్లవారుజాములు

భౌతికశాస్త్రం బోధించే వాణ్ణి కనుక, మార్చి 8 రాత్రి శ్రీకాకుళం రోడ్ స్టేషన్లో దిగేటప్పటికే నా జేబులో ఒక లెక్క ఉంది. ఏటా మార్చి 9, 10 తేదీల్లోను, మళ్ళీ అక్టోబరు తొలి రోజుల్లోను ఉదయభానుడి కిరణాలు అరసవల్లి సూర్యనారాయణస్వామి పాదాలను తాకుతాయి. ఆ రోజులే ఎందుకన్నదే నా లెక్క. సూర్యుడు దక్షిణాన చివరి అంచుకు చేరే డిసెంబరు 21కి ముందు ఒకటి, తరువాత ఒకటి, రెండూ దాదాపు 80 రోజుల దూరంలో ఉన్నాయి. దక్షిణానికి సాగేటప్పుడూ, తిరిగి ఉత్తరానికి మళ్ళేటప్పుడూ సూర్యుడు అక్కడ సరిగ్గా తూర్పుకు సుమారు 4 డిగ్రీలు దక్షిణంగా, ఇంచుమించు ఒకే చోట ఉదయిస్తాడు. ఆ రోజుల్లో ఉదయించే చోటు రోజుకు 0.4 డిగ్రీ చొప్పున జరుగుతుంది. సూర్యబింబం వెడల్పే అర డిగ్రీ కాబట్టి, రెండు మూడు రోజులు దాటితే గుమ్మాల వరసకూ సూర్యుడికీ పొత్తు కుదరదు. తిథులను బట్టి నడిచే మన పండుగల మధ్య ఈ దర్శనం చంద్రుణ్ణి బొత్తిగా లెక్కచేయకపోవడం నాకు ముచ్చటగా అనిపిస్తుంది.

తొలి ఉదయం మబ్బు పట్టింది. అనివెట్టి మండపం దగ్గర జనంలో నిలబడి ఆకాశాన్ని తిట్టుకుంటుంటే, పక్కనున్న ముసలమ్మ, "రేపొస్తాడులే బాబూ" అంది. రేపు కూడా కోణం సరిపోతుందని నాకూ తెలుసు. ఇద్దరం చెరో దారిన ఒకే మాటకు చేరాం.

ఈ ఆలయాన్ని 7వ శతాబ్దంలో కళింగ రాజు దేవేంద్రవర్మ కట్టించాడని చెబుతారు. ఆ రోజంతా నేను రాజును గురించి కాక, గర్భగుడినీ గుమ్మాలనూ ఒకే వరసలో నిలిపిన స్థపతిని గురించే ఆలోచించాను. అంతా స్వామి మహిమేనంటే ఆ పనివాడి శ్రమ కనబడకుండా పోతుంది. ఉత్త జ్యామితి అని పెదవి విరిచే నా తోటి అధ్యాపకులతోనూ నాకు పేచీయే: ఏళ్ళ తరబడి తెల్లవారుజామున లేచి, సూర్యుడు పొడిచే చోటును గుర్తుపెట్టుకోనిదే ఇంతటి వరస కుదరదు, అంత ఓపిక భక్తి లేనివాడికి ఎందుకు పుడుతుంది?

మర్నాడు ఆకాశం తేటగా ఉంది. ఆరు దాటిన కాసేపటికి గుమ్మాల వెంట బంగారు చాళ్ళలా వెలుగు లోపలికి సాగి, నల్లరాతి మూర్తిని చేరింది. జనం ఒక్కసారిగా ముందుకు తోసుకున్నారు. నిన్నటి ముసలమ్మ నా మోచేతి ఎత్తుకు మించదు. ఆవిడకు వీపులు తప్ప ఏమీ కనబడటం లేదు.

"ఎందాకా వచ్చాడు బాబూ?" అని అడిగింది.

వెలుగు పడిందని చెప్పబోయి, "పాదాల మీదున్నాడమ్మా" అన్నాను.