చేతికి కాగితం రాకుండా రైలెక్కించొద్దు

రాయగడ, మంగళవారం

దసరా వెళ్లింది. పశ్చిమ ఒడిశాలోని కాంటాబంజీ, టిట్లాగఢ్ వైపు నుంచి విజయనగరం దిశగా వచ్చే రైళ్ల జనరల్ బోగీలు మళ్లీ మూటలతో, గిన్నెలతో, చంటిపిల్లలతో నిండిపోతున్నాయి. అందరూ ఇటుక బట్టీలకే. కొత్త పంట పండగ నువాఖాయి రోజుల్లో సర్దార్ (కూలీలను కుదిర్చే దళారి) చేతిలో పెట్టిన అడ్వాన్సు వీళ్లను కదిలిస్తోంది.

ఆ అడ్వాన్సు మనిషికి కాదు, జట్టుకు: మొగుడూ పెళ్లామూ, చాలాసార్లు ఒక పిల్లాడూ. కూలి వెయ్యి ఇటుకల లెక్కన. వారానికోసారి తిండి ఖర్చులకు కొంత ఇచ్చి మిగతాది బాకీకి జమ అంటారు; లెక్క పుస్తకం మాత్రం యజమాని దగ్గరే ఉంటుంది.

"ఇష్టపడే వచ్చారు కదా" అని అధికారులు అంటుంటే కడుపు మండుతుంది. డబ్బు ఆశ చూపి దోపిడీకి తరలిస్తే బాధితుడు ఒప్పుకున్నా ఆ ఒప్పుకోలు చెల్లదని భారతీయ న్యాయ సంహిత 143వ సెక్షన్ చెబుతోంది. ఆ అడ్వాన్సు వెట్టి బాకీ కాదని నిరూపించే భారం కూడా, 1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం 15వ సెక్షన్ ప్రకారం, అప్పిచ్చినవాడిదే.

తెలుగూ ఒడియా రెండూ వచ్చిన ఇక్కడి కుర్రాళ్లు బట్టీ కూలీల వాంగ్మూలాల దగ్గర దుబాసీలుగా పనికొస్తారు. వాళ్లకి ఇవాళ మధ్యాహ్నం చెప్పినవి ఇవే. సర్దార్‌ని తర్జుమా చేయనివ్వకండి, దగ్గర నిలబడనివ్వకండి. ఆడవాళ్లను విడిగా అడగండి. అడ్వాన్సు ఎంత, ఎవరిచ్చారు, ఎక్కడ? ఆధార్ కార్డు ఎవరి దగ్గరుంది? జబ్బు చేస్తే ఊరికి పోనిస్తారా? పిల్లలు ఇటుకలు తిప్పుతున్నారా? జవాబులు వాళ్ల మాటల్లోనే రాయండి. "కూలి తక్కువ" అని ఒక్క ముక్క రాస్తే కనీస వేతనాల తగాదాగా మారిపోతుంది. యజమాని కొంత డబ్బు చేతిలో పెట్టి రైలెక్కిస్తాడు, కేసు అక్కడితో సరి.

అలా వచ్చినవాళ్ల దగ్గర రిలీజ్ సర్టిఫికెట్, అంటే వెట్టి నుంచి విడుదలయ్యారని చెప్పే కాగితం, ఉండదు. బట్టీ ఉన్న జిల్లా కలెక్టరో ఆర్డీవోనో అది ఇవ్వాలి. అదుంటే తక్షణ సాయం 30,000 రూపాయల వరకు అందుతుంది. పునరావాసం కింద మగవారికి లక్ష, ఆడవారికీ పిల్లలకూ 2 లక్షలు, అక్రమ రవాణా వంటి ఘోరాల్లో 3 లక్షలు. ఈ పునరావాస మొత్తం మాత్రం కేసులో శిక్షతో ముడిపడి ఉంది. అందుకే ఎఫ్‌ఐఆర్ కూడా అక్కడే పట్టుబట్టి రాయించాలి. పత్రం నకలు సొంత జిల్లా కలెక్టరుకు చేరకపోతే సర్దార్ పాత బాకీ అంటూ మళ్లీ గుమ్మంలో నిలబడతాడు. చట్టం ఆ బాకీని ఎప్పుడో రద్దు చేసిందని ఆ ఇంటివాళ్లకు ఎవరూ చెప్పి ఉండరు.

రేపు ప్రశ్నల కాగితం ఒడియాలో రాయాలి. పశ్చిమ ఒడిశా యాస సంబల్‌పురీ మాటలకు బలాంగీర్ మనిషి ఎవరైనా పక్కన ఉండాలి.