తరుగు లెక్క

పోయిన నెల బరంపురం వెళ్ళా. గుమ్మంలో చెప్పులు విప్పుతుంటే అన్నం తిన్నావా అని కూడా అడక్కుండా మా అమ్మమ్మ "ఏటే గుంటా, మీ అది దొరికినాదా నేదా?" అంది. సూపర్‌సిమెట్రీ అంటే ఏంటో ఆవిడకి తెలీదు, కానీ మనవరాలు కంటికి కనపడని దాన్నేదో వెతుకుతోందని మాత్రం తెలుసు, 2017లో నేను పీహెచ్‌డీలో చేరినప్పట్నించి ప్రతి పండక్కీ ఇదే ప్రశ్న. ఎప్పుడూ "లేదమ్మమ్మా" అని ఊరుకునేదాన్ని. ఈసారి ఊరుకోబుద్ధి కాలేదు, పక్కన కూర్చుని మొత్తం చెప్పా, పెరట్లో అమ్మ అప్పడాలు ఆరబెడుతోంది కాబట్టి అప్పడాల మీదే పెట్టి చెప్పా. చెప్తూ ఉంటే నా థీసిస్ నాకే ఇంకాస్త తేటగా కనపడింది, అందుకే ఇక్కడ కూడా రాస్తున్నా.

మా వీధంతా ఇంట్లో తెలుగు, బయట ఒడియా. 1936లో ఒడిశా వేరే రాష్ట్రం అయినప్పుడు గంజాం చాలావరకు ఇటొచ్చేసింది, ఇచ్ఛాపురం అటుండిపోయింది, మా చుట్టాల్లో సగం మంది అటే. నేను చదివింది ఒడియా బడిలో, తెలుగు అక్షరాలు నేర్చుకుంది అమ్మ లెక్కల పుస్తకంలో. దాంట్లో నాలుగు గడులుంటాయి, తేదీ, తెచ్చిన పిండి, ఇచ్చిన అప్పడాలు, తరుగు.

పొద్దున్నే సావుకారు దగ్గర పిండి తూయించి తెచ్చుకుంటుంది అమ్మ, ఉప్పూ ఇంగువా అన్నీ కలిపి దంచిన మినప్పిండి ముద్ద. ఇంటి దగ్గర ఉండలు చేసి, ఒత్తి, చాపల మీద ఆరబెట్టి, సాయంత్రం మళ్ళీ తూచి అప్పజెప్పాలి. తడి పోతుంది కాబట్టి బరువు తగ్గుతుంది, అదే తరుగు. అయిదు కిలోలు తెస్తే నాలుగు కిలోల పైన ఇస్తుంది, ఎంత పైన అన్నది ఆ రోజు ఎండని బట్టి ఉంటుంది. గోపాల్‌పూర్ వైపు నించి సముద్రపు గాలి కొట్టిన రోజు సరిగ్గా ఆరవు, తరుగు తక్కువ, అదే ఏప్రిల్‌లో అయితే మధ్యాహ్నానికే గలగలమంటాయి.

నేను ఎనిమిదో క్లాసులో ఉండగా ఒక సావుకారు, పేరెందుకులెండి, తరుగు ఎక్కువొస్తోంది, పిండి ఇంట్లో దాచుకుంటున్నావు అని నలుగురి ముందూ అమ్మని అనేశాడు, కూలి కూడా కోశాడు. ఆ రాత్రి అమ్మ అన్నం తినలేదు. మర్నాడు నించి ఒక పని మొదలుపెట్టింది. తెచ్చిన పిండిలోంచి సరిగ్గా వంద గ్రాముల ముద్ద తీసి, దాంతో చేసిన అప్పడాల్ని వేరే పళ్ళెంలో అదే ఎండలో పెట్టి, కూరగాయలమ్మే ఆయన్ని అడిగి తెచ్చుకున్న చిన్న తక్కెడతో సాయంత్రం తూచేది. పళ్ళెంలో వందకి ఎంత తరిగిందో చాపల మీద కూడా అదే లెక్కన తరగాలి కదా. పది రోజులైనా సావుకారు తూకంలో తరుగు రోజూ ఎక్కువే, పళ్ళెం తరుగు మాత్రం ఎప్పట్లానే ఉంది. పుస్తకం పట్టుకెళ్ళి చూపించింది. చివరికి తేలిందేంటంటే ఆ కొట్లో పిండి తూచే తక్కెడ వేరు, అప్పడాలు తూచే తక్కెడ వేరు, పిండి తక్కెడ పళ్ళెం అడుగున ఎండిన పిండి గట్టిగా అంటుకుపోయి ఉంది, అంటే పొద్దున ఇచ్చిన దానికంటే ఎక్కువ రాసుకుంటున్నారన్నమాట. కోసిన కూలి తిరిగి రాలేదు. ఆ పళ్ళెం అలవాటు మాత్రం అమ్మ ఇప్పటికీ మానలేదు.

ఈ గొడవ మొత్తం ఎందుకు చెప్పానంటే, నేను ఆరేళ్ళు చేసింది సరిగ్గా ఈ పనే.

జెనీవా దగ్గర సెర్న్ అనే పరిశోధన సంస్థ వాళ్ళ ఎల్‌హెచ్‌సీ యంత్రం, భూమిలో దాదాపు వంద మీటర్ల లోతున 27 కిలోమీటర్ల సొరంగం, దాంట్లో ప్రోటాన్ల గుంపుల్ని ఎదురెదురుగా తిప్పి గుద్దిస్తారు. నేను వాడిన డేటా 2016, 17, 18 లది, గుద్దుకునే శక్తి 13 టీఈవీ. ఒక టీఈవీ అంటే ఎగిరే దోమ కదలికలో ఉండేంత శక్తే, కానీ ఆ శక్తిని దోమ కంటే లక్ష కోట్ల రెట్లు చిన్న చోట కుక్కుతారు, అక్కడుంది కథంతా. గుద్దుకునే ముందు ప్రోటాన్లు ఎదురెదురుగా పోతున్నాయే గానీ పక్కకి పోవట్లేదు, కాబట్టి గుద్దుకున్నాక చెదిరిన కణాలన్నిటి పక్కవాటు మొమెంటం, అంటే బరువూ వేగమూ కలిసిన ఊపు, దిక్కులతో సహా కూడితే సున్నా రావాలి. ముందూ వెనకా మొమెంటం కూడి లాభం లేదు, ఎందుకంటే అసలు గుద్దుకునేవి ప్రోటాన్ లోపలి క్వార్కులూ గ్లూయాన్లూ అనే ఇంకా చిన్న కణాలు, ఏది ఎంత వాటా పట్టుకొచ్చిందో ఎవరికీ తెలీదు, పైగా చాలా కణాలు బీమ్ పైపు వెంటే జారిపోతాయి. పక్కవాటు లెక్కలో సున్నా రాకపోతే మాత్రం ఏదో మనకి చిక్కకుండా వెళ్ళిపోయినట్టు. మా వాళ్ళు దాన్ని మిస్సింగ్ ట్రాన్స్‌వర్స్ ఎనర్జీ అంటారు. అమ్మ పుస్తకంలో నాలుగో గడి.

దీంట్లోకి నేనెలా వచ్చానో కూడా చెప్పాలి. 2013 అక్టోబరు 8న హిగ్స్‌కీ ఆంగ్లేర్‌కీ నోబెల్ ప్రకటించారు, నేను డిగ్రీ రెండో ఏడు, కాలేజీ లైబ్రరీలో పేపర్ మొత్తం చదివి, ఆ పేజీ జిరాక్స్ తీయించుకుని ఇంటికి తెచ్చుకున్నా. నాలుగు రోజుల తర్వాత, 12 సాయంత్రం, ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. రాత్రంతా పైకప్పు రేకులు కొట్టుకుంటూనే ఉన్నాయి, తెల్లారి చూస్తే వీధిలో చెట్టన్నది నిలబడి లేదు, ఆ తర్వాత రోజుల తరబడి కరెంటు లేదు. ఫోన్ లేదు టీవీ లేదు, పగటి వెలుతురులో ఆ ఒక్క జిరాక్స్ కాగితమే మళ్ళీ మళ్ళీ చదివా. వాళ్ళు ముందే ఊహించిన హిగ్స్ అనే కణం బరువు 125 జీఈవీ అని ఉంది (కణాల బరువు కూడా శక్తి కొలతల్లోనే చెప్తారు, వెయ్యి జీఈవీలు ఒక టీఈవీ), ఇంత తేలిగ్గా ఎందుకుందో అర్థం కాలేదంటున్నారు అని కూడా ఉంది. ఆ వాక్యం బుర్రలో ఉండిపోయింది.

సంగతేంటంటే, క్వాంటమ్ లెక్కల్లో హిగ్స్ బరువు మీద మిగతా కణాలన్నీ చెయ్యి వేస్తాయి, బరువైన కణాలుంటే దాని బరువు ఎక్కడికో ఎగిరిపోవాలి. కణాల్లో రెండు జాతులు, ఎలెక్ట్రాన్, క్వార్క్ లాంటివి ఫెర్మియాన్లు, గ్లూయాన్, హిగ్స్ లాంటివి బోసాన్లు. బోసాన్లు ఒకవైపుకి లాగితే ఫెర్మియాన్లు రెండో వైపుకి లాగుతాయి. ప్రతి ఫెర్మియాన్‌కీ ఒక బోసాన్ జోడీ, ప్రతి బోసాన్‌కీ ఒక ఫెర్మియాన్ జోడీ ఉంటే జమకి ఖర్చు సరిపోయి హిగ్స్ తేలిగ్గా మిగులుతుంది. అదే సూపర్‌సిమెట్రీ, మేం సూసీ అని పిలుచుకుంటాం. ఎలెక్ట్రాన్‌కి జోడీ సెలెక్ట్రాన్, క్వార్క్‌కి స్క్వార్క్, గ్లూయాన్‌కి గ్లూయినో. 1970లలో పుట్టిన ఆలోచన ఇది. చాలా మోడల్స్‌లో ఈ కొత్త కణాలన్నిట్లోకీ తేలికైనది, సాధారణంగా న్యూట్రలీనో, విరిగిపోకుండా అలాగే ఉండిపోతుంది, గుద్దుళ్ళ చుట్టూ కట్టిన డిటెక్టర్ యంత్రానికి చిక్కదు, విశ్వంలో మామూలు పదార్థానికి అయిదు రెట్లున్న డార్క్ మేటర్ కూడా ఇదే కావచ్చు. ఒక్క ఆలోచనతో రెండు చిక్కుముళ్ళు వీడతాయంటే ఎవరికైనా మనసు లాగుతుంది, నాకూ లాగింది, ఇప్పటికీ లాగుతూనే ఉంది.

సరే, గ్లూయినోలు జంటగా పుడతాయి, ఒక్కోటీ క్వార్కుల జెట్లుగా, అంటే ఒకే దిక్కుకి దూసుకుపోయే కణాల గుంపులుగా, విరిగి చివర్లో ఒక న్యూట్రలీనోని వదుల్తుంది, జెట్లు కనపడతాయి, న్యూట్రలీనోలు తరుగులోకి పోతాయి. అంటే జెట్లు ఎక్కువ, తరుగు ఎక్కువ ఉన్న ఈవెంట్లు, అంటే గుద్దుళ్ళ రికార్డులు, ఏరుకోవాలి. ఇంతేనా అనిపిస్తుంది కదా, అంకెలు చూడండి. ఆ మూడేళ్ళలో మా సీఎంఎస్ డిటెక్టర్ మధ్యలో జరిగిన గుద్దుళ్ళు నూరు కోటి కోట్ల పైచిలుకు. 2 టీఈవీ బరువున్న గ్లూయినోలు నిజంగా ఉంటే మొత్తం అన్నిట్లో పుట్టే జంటలు ఓ నూట ముప్పై! గుంపులు ఎదురుపడేది సెకనుకి నాలుగు కోట్ల సార్లు, దాచుకోగలిగేది ఓ వెయ్యి, మిగతావి ఆ క్షణంలోనే పారేయాలి. ఏది దాచాలో ట్రిగ్గర్ నిర్ణయిస్తుంది, అక్కడ పోయిందంటే ఇంక పోయినట్టే.

అసలు కష్టం మామూలు తరుగుతోనే. న్యూట్రినోలనే మామూలు కణాలు కూడా డిటెక్టర్‌కి చిక్కవు. జెడ్ బోసాన్ అనే బరువైన కణం అయిదింట ఒకసారి రెండు న్యూట్రినోలుగా విరుగుతుంది, దాని పక్కన జెట్లు కూడా పుడితే చూడ్డానికి అచ్చం సూసీలానే ఉంటుంది, విడివిడిగా చూసి తేడా చెప్పడం ఎవరి వల్లా కాదు. మరెలా అంటే, అమ్మ పళ్ళెం. అదే జెడ్ అప్పుడప్పుడూ రెండు మ్యూవాన్లుగా, అంటే ఎలెక్ట్రాన్ లాంటివే కానీ బరువైన కణాలుగా, విరుగుతుంది, మ్యూవాన్లు చక్కగా కనపడతాయి. ఆ ఈవెంట్లు తీసుకుని మ్యూవాన్లు లేనట్టు చెరిపేసి తరుగు లెక్కేస్తే, న్యూట్రినోలైతే ఎలా కనపడేదో తెలిసిపోతుంది, న్యూట్రినోలుగా విరగడం దీనికి దాదాపు ఆరు రెట్లు కాబట్టి ఆ నిష్పత్తితో గుణించుకోవడమే. కంట్రోల్ రీజియన్ అంటారు దీన్ని. మొదటిసారి మా గైడ్ బోర్డు మీద గీసి చూపిస్తుంటే నాకు వంద గ్రాముల ముద్దే కనపడింది, నిజంగా.

తక్కెడ అడుగు పిండి కూడా ఉంది ఇక్కడ. డిటెక్టర్లో సిగ్నల్ చదివే ఏదో ఒక చానల్ చచ్చిపోతే, లేదా ఉత్తినే సిగ్నల్ ఇస్తే, లేని తరుగు ఉన్నట్టు కనపడుతుంది. జెట్ మరీ బలమైనదైతే కొంత శక్తి లోపలున్న, శక్తి కొలిచే కెలోరీమీటర్లు దాటి బయటికి కారిపోతుంది, అదీ దొంగ తరుగే. కారిపోయిన దాన్ని పట్టడానికి పెద్ద అయస్కాంతపు చుట్ట బయట ఇంకో పొర పెట్టారు, దాని పేరు హెచ్‌వో, దానికి సింటిలేటర్ పలకలు, అంటే కణం తగిలితే మెరిసే పలకలు, ఇక్కడే మన దేశంలో, ముంబై టీఐఎఫ్ఆర్ పరిశోధన సంస్థ వాళ్ళ పూనికతో తయారయ్యాయి. పద్నాలుగు వేల టన్నుల యంత్రంలో ఆ పలకల పొర నాకు ప్రత్యేకంగా ఇష్టం. నా థీసిస్ మొదటి ఏడాదంతా ఈ దొంగ తరుగు ఏరడంతోనే సరిపోయింది, పేపర్లో దానికి దక్కింది ఒక పేరా, కానీ ఆ పేరా సరిగ్గా లేకపోతే మిగతాదంతా వృథా అని నేను గట్టిగా నమ్ముతా.

ఇంకోటి, మామూలు తరుగు ఎంత రావాలో రాసి, అందరూ ఒప్పుకున్నాకే అసలు గడులు, అంటే జెట్లూ తరుగూ బట్టి డేటాని పంచిన అరలు, తెరవాలి. ముందే చూసేస్తే ఏ ఈవెంట్ ఉంచాలి, ఏది తీసేయాలి అనే హద్దుల్ని మనసు మనకి కావలసిన వైపు జరిపేస్తుంది. 2015 డిసెంబరులో 750 జీఈవీ దగ్గర రెండు ఫోటాన్ల (కాంతి కణాల) డేటాలో కొత్త కణమేమో అనిపించే చిన్న గుట్ట కనపడింది, అట్లాస్ అనే ఇంకో డిటెక్టర్లోనూ సీఎంఎస్‌లోనూ, నేనప్పుడు ఎమ్మెస్సీ, హాస్టల్లో ఎవరికీ నిద్రల్లేవు, వందల పేపర్లు వచ్చాయి, 2016 ఆగస్టులో ఎక్కువ డేటా పెట్టి చూస్తే గుట్ట లేదు. ఎవరూ తప్పు చేయలేదు, అదృష్టపు ఎగుడుదిగుడు, అంతే. అందుకే అయిదు సిగ్మా, అంటే ఉత్త అదృష్టం వల్ల రావడం దాదాపు అసాధ్యం అనేంత తేడా, వచ్చేదాకా కనుక్కున్నాం అనకూడదని ఆ కట్టుబాటు.

మా గడులు తెరిచిన రోజు రాత్రి పదకొండు దాటింది, ఆన్‌లైన్ మీటింగ్, ఒక్కో గడీ వస్తుంటే నా అంచనా పక్కన అసలు అంకె పడుతోంది. ఒకదాంట్లో కొంచెం ఎక్కువ, ఇంకోదాంట్లో కొంచెం తక్కువ, చివరి గడిలో తరుగు బాగా ఎక్కువున్నవి చేతివేళ్ళ మీద లెక్కపెట్టేన్ని, అంచనా కూడా అంతే. కొత్తదేం లేదు. మీటింగ్ అయ్యాక కాసేపు అలాగే కూర్చున్నా. బాధేసింది, దాస్తే అబద్ధం అవుతుంది. కానీ నాలుగేళ్ళు కూడిన అంచనా డేటా మీద అలా అచ్చుగుద్దినట్టు కూర్చోవడం చూస్తే ఒళ్ళు పులకరించింది కూడా. న్యూట్రలీనో తేలికైనదైతే గ్లూయినోలు దాదాపు 2 టీఈవీ దాకా లేవు అని మా లెక్క గట్టిగా చెప్పింది.

సూసీ చచ్చిపోయిందని నాతో వాదించేవాళ్ళకి నేను చెప్పేది ఒకటే, మేం వెతికినచోట లేదు. గ్లూయినో బరువూ న్యూట్రలీనో బరువూ దగ్గర దగ్గరగా ఉన్నాయనుకోండి, జెట్లకి మిగిలే శక్తి కొంచెమే, తరుగు కూడా కొంచెమే, మా వలలోంచి జారిపోతుంది, అప్పుడు పైన చెప్పిన 2 టీఈవీ మాట వర్తించదు. కొంచెం దూరం ప్రయాణం చేసి విరిగే కణాలైతే వేరే రకంగా వెతకాలి. మొదట్లో అనుకున్నంత తేలికైన సూసీ లేదన్నది మాత్రం ఒప్పుకోవాల్సిందే, హిగ్స్ బరువుకి అది ఇచ్చే సమాధానం మునుపటంత అందంగా లేదు ఇప్పుడు. 2022 నించి 13.6 టీఈవీ దగ్గర గుద్దుళ్ళు నడిచాయి, ఆ డేటాలో నేను ఈ దగ్గర బరువుల కేసే చూస్తున్నా.

ఇదంతా విని అమ్మమ్మ కునుకు తీసింది. అమ్మ మాత్రం చాప మీద అప్పడాలు తిరగేస్తూ మొత్తం వింది, చివర్లో "మరి మీ తక్కెడ సరైనదేనని ఎవులు సూత్తారే?" అని అడిగింది. అదే రింగులో అవతలి వైపు అట్లాస్ అని ఇంకో డిటెక్టర్ ఉందమ్మా, వేరే మనుషులు, వేరే యంత్రం, మా లెక్క వాళ్ళు చూడరు, వాళ్ళ లెక్క మేం చూడం, వాళ్ళకీ ఏమీ దొరకలేదు అన్నా.

"రెండు తక్కెడలూ ఒకటే సెప్పినాయా, అయితే సరే" అని, పళ్ళెం తెచ్చి తూచి, నాలుగో గడిలో పద్దెనిమిది అని రాసుకుంది.