విండోస్ 10 నుంచి 11కి: లైసెన్సు పోకుండా మార్చుకున్న నా అనుభవం

శ్రీకాకుళంలో మా డీటీపీ షాపులో కంప్యూటర్లు నాలుగు. నాలుగూ విండోస్ 10 మీదే నడిచేవి. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు ఆగిపోయాయి. మూఢం రోజులు, శుభలేఖల పని పెద్దగా లేని సమయం చూసుకుని నాలుగింటినీ ముందు వేసుకున్నాను. విండోస్ 11 ఎక్కించడం గంటన్నర, రెండు గంటల పని. అంతకన్నా ముఖ్యమైన పని దానికి ముందుంది: ఏ యంత్రానికి ఏ రకం లైసెన్సు ఉందో, అది ఎక్కడ ఉందో తేల్చుకోవడం. అది తేలకుండా ఫార్మాట్ కొట్టిస్తే, ఉన్న అసలు లైసెన్సు పక్కనబెట్టి దొంగ లైసెన్సు మీద కూర్చోవలసి వస్తుంది. మా ఊళ్లో చాలా యంత్రాలకు అదే జరిగింది.

చూసే పద్ధతి ఇది. కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఎస్, ఎల్, ఎం, జీ, ఆర్ అక్షరాలు కలిపి కొట్టి, ఒక ఖాళీ ఇచ్చి, స్లాష్ పెట్టి డీ, ఎల్, ఐ కొట్టాలి. చిన్న పెట్టె ఒకటి తెరుచుకుంటుంది. అందులో 'డిస్క్రిప్షన్' వరుసలో చానల్ పేరు (అంటే లైసెన్సు రకం), దాని కింద కీ చివరి అయిదు అక్షరాలు ఉంటాయి. డీఎల్‌ఐ బదులు ఎక్స్, పీ, ఆర్ కొడితే లైసెన్సు శాశ్వతమా, గడువుందా చెబుతుంది. నాలుగు యంత్రాలకూ ఈ రెండూ కొట్టి, వచ్చిన పెట్టెలను ఫోన్‌తో ఫోటో తీసి పెట్టుకున్నాను.

ల్యాప్‌టాప్‌లో 'ఓఈఎం_డీఎం' వచ్చింది. అంటే కంపెనీవాళ్లే కీని మదర్‌బోర్డు చిప్పులో రాసి పంపారు. డిస్కు మార్చినా, ఫార్మాట్ కొట్టినా ఆ కీ పోదు. బోర్డు పోతే మాత్రం దానితోపాటే పోతుంది, వేరే యంత్రానికి మార్చుకోవడం కుదరదు. కౌంటర్ మీది అసెంబుల్డ్ డెస్క్‌టాప్‌లో 'రిటైల్' వచ్చింది, డబ్బు పెట్టి కొన్న ప్రో కీ. ఇది మనతో వస్తుంది, పాత యంత్రంలో తీసేసి కొత్తదాంట్లో వేసుకోవచ్చు.

మూడోదానిలోనూ 'రిటైల్' అనే వచ్చింది గానీ కీ చివరి అక్షరాలు 3వీ66టీ. ఇక్కడ చాలామంది పొరబడతారు. 3వీ66టీతో ముగిసేది ప్రో ఎడిషన్‌కి మైక్రోసాఫ్ట్ అందరికీ వేసే ఉమ్మడి కీ, హోమ్‌కైతే 8హెచ్‌వీఎక్స్7. మా యంత్రం విండోస్ 7తో వచ్చి, 2016 జులై 29 లోపు ఉచితంగా 10కి మారింది. దాని అసలు హక్కు ఆ బోర్డు గుర్తులతో మైక్రోసాఫ్ట్ సర్వర్‌లో నమోదై ఉంది. కీని కాగితం మీద రాసుకుంటే ప్రయోజనం లేదు, వేరే యంత్రంలో అది పనిచేయదు. ఆ పాత విండోస్ 7 స్టిక్కర్ కీని నేరుగా 11లో కొట్టే దారి కూడా 2023 సెప్టెంబరు నుంచి మూసేశారు.

నాలుగోది సెకండ్‌హ్యాండ్‌లో కొన్న ల్యాప్‌టాప్. అందులో 'వాల్యూమ్_కేఎంఎస్‌క్లయింట్' అని వచ్చింది, కింద గడువు తేదీతో సహా. కేఎంఎస్ అనేది పెద్ద సంస్థలు తమ లోపలి సర్వర్ ద్వారా యంత్రాలను యాక్టివేట్ చేసుకునే పద్ధతి. 180 రోజులకు ఒకసారి హక్కు కొత్తగా రావాలి. ఇంట్లోనో చిన్న షాపులోనో ఆ మాట కనబడిందంటే చాలావరకు ఎవరో యాక్టివేటర్ (లైసెన్సు లేకుండానే ఉన్నట్టు విండోస్‌ని నమ్మించే దొంగ ప్రోగ్రాము) వేశారని అర్థం. ఆ యాక్టివేటర్‌ని విండోస్ డిఫెండర్ పట్టుకుని తీసేయకుండా చాలాసార్లు డిఫెండర్‌నే ఆపేసి ఉంటారు. మా దాంట్లోనూ ఆపేసే ఉంది. జనం ఆధార్ కాపీలు, పాస్‌బుక్కులు పట్టుకొచ్చి స్కాన్ చేయించుకునే యంత్రం అలా ఉండకూడదు.

ఇక హార్డ్‌వేర్. విండోస్ 11కి కనీసం 4 జీబీ ర్యామ్, 64 జీబీ డిస్కు, యూఈఎఫ్‌ఐ (యంత్రాన్ని లేపే ఫర్మ్‌వేర్‌లో కొత్త రకం), సెక్యూర్ బూట్‌కి (నమ్మకమైన బూట్ ఫైళ్లనే నడవనిచ్చే ఏర్పాటు) వీలు, టీపీఎం 2.0 (రహస్య కీలు దాచే భద్రతా భాగం) కావాలి. ప్రాసెసర్ ఇంటెల్‌లో దాదాపుగా ఎనిమిదో తరం నుంచి, ఏఎండీలో రైజెన్ 2000 వరుస నుంచి. ఇవన్నీ ఉన్నాయో లేదో చెప్పే మైక్రోసాఫ్ట్ ప్రోగ్రాము పీసీ హెల్త్ చెక్ వేసి చూస్తే కొత్త ల్యాప్‌టాప్ మారు మాట లేకుండా పాసైంది. డెస్క్‌టాప్‌లో ఉన్నది ఐ3 8100, ఎనిమిదో తరమే. అయినా టీపీఎం లేదంది. టీపీఎం లేక కాదు, బయోస్‌లో (విండోస్ కన్నా ముందు తెరుచుకునే బోర్డు సెట్టింగుల్లో) ఆపి ఉంది. ఇంటెల్ బోర్డుల్లో దాని పేరు పీటీటీ, ఏఎండీలో ఎఫ్‌టీపీఎం. విడిగా టీపీఎం చిప్పు కొనమని ఎవరైనా అంటే ముందు బయోస్‌లో ఈ పేర్లు వెతకండి.

డెస్క్‌టాప్‌తో అసలు చిక్కు డిస్కు దగ్గర వచ్చింది. యంత్రం వివరాలు చూపే ఎంఎస్‌ఇన్ఫో32 తెరిస్తే బయోస్ మోడ్ 'లెగసీ' (పాత పద్ధతి) అని ఉంది, డిస్కు ఎంబీఆర్ పద్ధతిలో (డిస్కును భాగాలు చేసే పాత తీరులో) ఉంది. సెక్యూర్ బూట్ కావాలంటే డిస్కు జీపీటీ అనే కొత్త తీరులోకి, బయోస్ యూఈఎఫ్‌ఐలోకి రావాలి. దానికి విండోస్‌లోనే ఎంబీఆర్2జీపీటీ అనే సాధనం ఉంది, డేటా చెరపకుండా మారుస్తుంది. అడ్మినిస్ట్రేటర్ ప్రాంప్ట్‌లో దాని పేరు, తర్వాత స్లాష్ వ్యాలిడేట్, స్లాష్ డిస్క్ కోలన్ 0, స్లాష్ అలోఫుల్‌ఓఎస్. ముందు ఇలా పరీక్ష మాత్రమే చేయించాలి. మాకు ఫెయిలైంది.

కారణం మన అసెంబుల్డ్ యంత్రాలన్నింటిలో ఉండేదే. సీ, డీ, ఈ, ఎఫ్ అని నాలుగు డ్రైవులు చేసిస్తారు. ఎంబీఆర్‌లో ప్రైమరీ పార్టిషన్లు నాలుగుకు మించవు. సిస్టమ్ రిజర్వ్‌డ్ ఒకటి, సీ ఒకటి, డీ ఒకటి పోగా, మిగతావి ఎక్స్‌టెండెడ్ అనే డబ్బాలో లాజికల్ డ్రైవులుగా ఉంటాయి. ఎంబీఆర్2జీపీటీకి మూడు ప్రైమరీలకు మించి ఉండకూడదు, లాజికల్ డ్రైవు ఒక్కటి కూడా ఉండకూడదు. అందుకని ఈ, ఎఫ్‌లలో ఉన్నదంతా బయటి హార్డ్‌డిస్కులోకి కాపీ చేసి, కొన్ని ఫైళ్లు అక్కడ తెరిచి చూసుకుని, డిస్క్ మేనేజ్‌మెంట్‌లో ఆ రెండింటినీ, తర్వాత ఖాళీ ఎక్స్‌టెండెడ్ డబ్బానూ తీసేశాను. మళ్లీ పరీక్షిస్తే పాసైంది. అప్పుడు వ్యాలిడేట్ స్థానంలో కన్వర్ట్ పెట్టి కొడితే నిమిషం లోపే మారిపోయింది.

మారిన వెంటనే చేయవలసింది ఒకటుంది: రీస్టార్ట్‌లోనే బయోస్‌లోకి వెళ్లి సీఎస్‌ఎం (పాత లెగసీ పద్ధతిని నడిపించే సెట్టింగు) ఆపి, యూఈఎఫ్‌ఐ పెట్టి, పీటీటీ, సెక్యూర్ బూట్ ఆన్ చేయాలి. లెగసీలోనే వదిలేస్తే ఇక విండోస్ బూట్ కాదు. అది చూసి డిస్కు పోయిందని జనం భయపడి ఫార్మాట్‌కి ఇచ్చేస్తారు. మరీ పాత గ్రాఫిక్స్ కార్డు ఉంటే సీఎస్‌ఎం ఆపగానే తెర నల్లగా ఉండిపోవచ్చు, ఆ కార్డులో యూఈఎఫ్‌ఐకి కావలసిన ఫర్మ్‌వేర్ లేకపోవడం వల్ల. అప్పుడు కరెంటు తీసేసి, బోర్డు మీది సీఆర్2032 బిళ్ల కాసేపు ఊడదీస్తే బయోస్ మొదటి స్థితికొస్తుంది. కార్డు తీసి, బోర్డు మీది డిస్‌ప్లే పోర్టుతో పని కానివ్వాలి.

ల్యాప్‌టాప్‌లో బయోస్ ముట్టుకునే ముందు చూడవలసింది డివైస్ ఎన్‌క్రిప్షన్, అంటే డిస్కులోని డేటాకు తాళం వేసి ఉంచే ఏర్పాటు. హోమ్ ఎడిషన్‌లో కూడా ఇది మనకు తెలియకుండానే ఆన్ అయి ఉండొచ్చు. టీపీఎం, సెక్యూర్ బూట్ సెట్టింగులు కదిలిస్తే 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. ఆ కీ మైక్రోసాఫ్ట్ అకౌంట్ పేజీలో డివైసెస్ కింద ఉంటుంది. దాన్ని కాగితం మీద రాసుకున్నాకే పని మొదలుపెట్టాను. ఆ అకౌంట్ ఎవరో షాపాయన తన ఫోన్ నంబరుతో తెరిచినదైతే, ముందు ఆ సంగతి తేల్చుకోండి. కీ లేకపోతే డేటా తీయడం ఎవరి వల్లా కాదు.

యాక్టివేషన్ పేజీలో 'డిజిటల్ లైసెన్స్ లింక్డ్ టు యువర్ మైక్రోసాఫ్ట్ అకౌంట్' అని ఉందో లేదో కూడా అప్పుడే చూశాను. లేకపోతే అక్కడే అకౌంట్ చేర్చుకోవచ్చు. రేపు పిడుగుకో, వోల్టేజీ హెచ్చుతగ్గులకో బోర్డు పోయి కొత్తది వేస్తే, రిటైల్ లైసెన్సును ట్రబుల్‌షూటర్‌లో 'ఈ మధ్య హార్డ్‌వేర్ మార్చాను' అనే మాట నొక్కి తిరిగి తెచ్చుకోవడానికి ఆ లింకే ఆధారం.

విండోస్ 11 పెన్‌డ్రైవ్ ఒక్కటే చేశాను, కనీసం 8 జీబీది కావాలి. మీడియా క్రియేషన్ టూల్‌తో ఒకసారి దింపుకుంటే అన్నిటికీ వాడుకోవచ్చు. ఫైళ్లు, ప్రోగ్రాములు ఉండాలంటే పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేయకూడదు. విండోస్ 10 నడుస్తుండగానే పెన్‌డ్రైవ్ తెరిచి సెటప్ నొక్కాలి. మొదటి తెరలో 'చేంజ్ హౌ సెటప్ డౌన్‌లోడ్స్ అప్‌డేట్స్' అని చిన్న అక్షరాల్లో ఉంటుంది, అందులో 'నాట్ రైట్ నౌ' పెడితే మధ్యలో డేటా లాగకుండా ముందుకెళుతుంది. చివరి తెరలో 'కీప్ పర్సనల్ ఫైల్స్ అండ్ యాప్స్' అని కనబడాలి. అక్కడ 'నథింగ్' ఒక్కటే నొక్కడానికి వీలుగా ఉంటే ఆగిపోండి. ఎక్కువసార్లు భాష కలవకపోవడమే కారణం: యంత్రంలో ఉన్నది యునైటెడ్ స్టేట్స్ ఇంగ్లిష్, పెన్‌డ్రైవ్‌లో ఉన్నది ఇంగ్లిష్ ఇంటర్నేషనల్. సరైన భాషతో పెన్‌డ్రైవ్ మళ్లీ చేయాలి. ఎడిషన్ కూడా అంతే, హోమ్ మీద హోమ్, ప్రో మీద ప్రో.

సీ డ్రైవులో 30 జీబీ ఖాళీ ఉంచుకున్నాను. తక్కువైతే 80070070 అనే ఎర్రర్ వస్తుంది. సీ1900101తో మొదలయ్యేది వస్తే చాలావరకు డ్రైవర్ గొడవ. బయటి యాంటీవైరస్ తీసేసి, ప్రింటర్, స్కానర్, వేలిముద్ర యంత్రం, డిజిటల్ సంతకం టోకెన్ అన్నీ పీకేసి, కీబోర్డు మౌసు మాత్రమే ఉంచి మళ్లీ ప్రయత్నించాలి. యూపీఎస్ లేకుండా డెస్క్‌టాప్‌కి ఈ పని పెట్టుకోవద్దు. మా వైపు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపాను కబురు ఎప్పుడైనా రావచ్చు, కరెంటు ఎంతసేపు పోతుందో చెప్పలేం.

ల్యాప్‌టాప్, డెస్క్‌టాప్ రెండూ ఇలా మారాయి. నెట్ తగలగానే యాక్టివేషన్ దానంతటదే వచ్చింది, కీ ఎక్కడా కొట్టలేదు.

కేఎంఎస్ ల్యాప్‌టాప్‌కి దారి వేరు. పవర్‌షెల్‌లో సాఫ్ట్‌వేర్‌లైసెన్సింగ్‌సర్వీస్ క్లాసులోని ఓఏ3ఎక్స్‌ఒరిజినల్‌ప్రొడక్ట్‌కీ విలువ అడిగితే, బోర్డు మీద అసలు కీ బయటపడింది. అది హోమ్ కీ. కంపెనీ హోమ్ ఇచ్చింది, మధ్యలో ఎవరో ఫార్మాట్ కొట్టి దొంగ ప్రో వేశారు. ఇంతకాలం అసలు లైసెన్సు యంత్రంలోనే పడుంది! ప్రో నుంచి హోమ్‌కి ప్రోగ్రాములు ఉంచుకుని దిగే వీలు లేదు. అందుకని ఫైళ్లన్నీ, ఫాంట్ల ఫోల్డరు బయటికి తీసి, ట్యాలీ లైసెన్సును అందులోంచి సరెండర్ చేసి, ఈసారి పెన్‌డ్రైవ్ నుంచే బూట్ చేసి డిస్కు మొత్తం చెరిపి ఎక్కించాను. సెటప్ కీ అడగలేదు, ఎడిషన్ అడగలేదు. బోర్డు మీది కీ చదువుకుని హోమ్ వేసుకుంది. ట్యాలీ సరెండర్ మర్చిపోతే ఆ లైసెన్సు చెరిగిపోయిన పాత విండోస్ పేరు మీద ఇరుక్కుంటుంది, జాగ్రత్త. కొన్ని వందల రూపాయలకు నెట్‌లో అమ్మే ప్రో కీలు కొని అతికించవద్దనే నా మాట. చాలావరకు అవి సంస్థల కీలు. సర్వర్ వాటిని ఆపేసిన రోజున సీ004సీ003 అని వస్తుంది.

విండోస్ 7 నుంచి వచ్చిన పాతది కోర్ 2 డుయో ఈ7500. దాన్ని మార్చలేదు. పరీక్షలు తప్పించి ఎక్కించే కిటుకులు చెబుతారు గానీ, విండోస్ 11 24హెచ్2 వెర్షన్ నుంచి ప్రాసెసర్‌లో పాప్‌కౌంట్, ఎస్‌ఎస్‌ఈ 4.2 ఆదేశాలు తప్పనిసరి. ఈ ప్రాసెసర్‌లో అవి లేవు, బూట్ కూడా కాదు. పైగా అది 32 బిట్ విండోస్. విండోస్ 11లో 32 బిట్ లేనే లేదు, 16 బిట్ భాగాలున్న పాత ప్రోగ్రాములు అందులో నడవవు. అను ఫాంట్లతో పేజ్‌మేకర్‌లో చేసిన పాత శుభలేఖలు, కరపత్రాలు తెరవడానికి దాన్నే ఉంచాను, నెట్ కేబుల్ తీసేసి. ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లో వెళ్తాయి, వస్తాయి. వచ్చినవాటిని కొత్త యంత్రంలో స్కాన్ చేశాకే తెరుస్తాం.

యంత్రం మంచిదై ప్రాసెసర్ మాత్రం ఆరో, ఏడో తరం అయినవాళ్లకు 2026 అక్టోబరు 13 వరకు ఈఎస్‌యూ (విండోస్ 10కి భద్రతా అప్‌డేట్లు కొనసాగించే పథకం) ఉంది. విండోస్ 10లో 22హెచ్2 వెర్షన్ ఉండాలి, మైక్రోసాఫ్ట్ అకౌంట్ కావాలి. సెట్టింగులను విండోస్ బ్యాకప్‌తో సింక్ చేస్తే డబ్బు లేకుండా ఇస్తారు. లేదంటే 1000 రివార్డ్స్ పాయింట్లు గానీ 30 డాలర్లు గానీ.

మారిన డెస్క్‌టాప్‌లో పేజ్‌మేకర్ 7ని అడ్మినిస్ట్రేటర్‌గా రన్ చేస్తేనే మాకు తెలుగు సరిగా పడింది. 32 బిట్ యంత్రం బదులు 64 బిట్‌ది పెట్టుకున్నవాళ్లు కెనాన్ ఎల్‌బీపీ 2900 లాంటి పాత ప్రింటర్లకు 64 బిట్ డ్రైవర్ ముందే దింపి ఉంచుకోవాలి. వెనక్కి వెళ్లే అవకాశం పది రోజులే. ఆ తర్వాత విండోస్.ఓల్డ్ ఫోల్డరు పోతుంది. అందుకే మొదటి వారంలోనే ప్రతి ప్రింటరు, స్కానరు, సంతకం టోకెన్, వేలిముద్ర యంత్రం ఒక్కొక్కటిగా తగిలించి పని చేయించి చూశాను. టోకెన్ డ్రైవర్ ఒక్కటే మళ్లీ వేయవలసి వచ్చింది. తొమ్మిదో రోజున ఎస్‌ఎల్‌ఎంజీఆర్ ఎక్స్‌పీఆర్ మళ్లీ కొట్టాను. మారిన మూడింటిలోనూ 'పర్మనెంట్లీ యాక్టివేటెడ్' అని వచ్చింది.